తాడిపత్రి గోపురశిల్పము: ఔచిత్యవిచారము

అలంకారము మితిమీఱినచో రూపము మఱుఁగుపడు నని విజయనగరశిల్పముపై నొక యాక్షేపణ కలదు. అది యెంతవఱకు నిలుచునో పినాకినీతీరమునఁ దాడిపత్రియందలి బుగ్గరామలింగేశ్వరాలయపు అసంపూర్ణగోపురములను జూచినవారికిఁ దెలియఁగలదు.

సాధారణముగా గోపురముల శిలామయమైన క్రిందిభాగము నిరాడంబరముగా నుండును. విగ్రహవైభవ మంతయు పైయంతస్తులలోని యిటుక సున్నపుఁ బనికి విడువఁబడును. ఇచ్చట నట్లు గాదు. నిలువుగోడలే అడుగు మొదలుకొని చెక్కడములతో నిండియున్నవి. 1876లో ఫెర్గూసన్ పండితుఁడు వీని చెక్కడపు వాఁడిమిని మెచ్చి, ఈ శైలిలో నింతకంటె సంపన్నమును, బహుశః నింతకంటె సదభిరుచి గలదియు లేదని తలఁచెను. ఆ యభిరుచికి మూల మెయ్యదియో మన మరయవలయును. అధిష్ఠానపుఁ బట్టెలు అడ్డముగను, గోడకంబములు నిలువుగను జూపును నడపుచుండఁగా, లతలును విగ్రహములును ఆ హద్దులలోనే యొదిగియున్నవి. కావున నలంకార మిచ్చటఁ గట్టడమును దాఁచుట లేదు. దాని విభాగములను విశదము చేయుచున్నది.

2022 వఱకు అనంతపురమండలమున నుండిన లేపాక్షియందలి లతామండపస్తంభములను దీనితోఁ బోల్పవచ్చును. ఆ స్తంభముల యల్లికలను నేఁతగాండ్రు చీరయంచులకుఁ గొనియున్నారు. ఆ యల్లిక రాతిని విడిచియు నిలుచును. తాడిపత్రిపని గోడను విడిచిన నిలువదు. మొదటిది చిత్రమున కధికము. రెండవది వాస్తువున కధికము. ఈ భేద మెఱుంగక రెంటిని నొక్కమాటతో "అత్యలంకారము" లనుట విమర్శ కానేరదు. శిఖరము లేమి యా గోపురములకుఁ గొఱంతయే. కాని యౌచిత్యమునకుఁ గొఱంత లేదని నా మతము.