ఐదు పాఠాలు, ఒక గాజు పలక

హైదరాబాద్‌లో చలికాలం గోల్ఫ్‌కి అచ్చొచ్చిన కాలం. గోల్కొండ నయా ఖిల్లా మైదానంలో పొద్దుటిపూట ఎండ మెత్తగా ఉంటుంది, ఆట హాయిగా సాగుతుంది. షికాగోలోనో టొరంటోలోనో ఆడే మనవాళ్ళ సంగతి వేరు. డిసెంబరు వచ్చేసరికి అక్కడి మైదానాల్ని మంచు కప్పేస్తుంది, క్లబ్బుల సంచీ ఓ మూలకి చేరుతుంది. చాలామంది సెలవు పెట్టి ఇంటికొచ్చేదీ ఆ రోజుల్లోనే. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నాంపల్లిలో నుమాయిష్ ఉంటుంది కాబట్టి పిల్లల్ని వెంటబెట్టుకుని అటు వెళ్ళడం ఎలాగూ తప్పదు. ఆ వెళ్ళేదేదో ఆదివారం పెట్టుకుంటే ముందు అబిడ్స్‌లో ఓ గంట తిరగొచ్చు. ఆ రోజు అక్కడ దుకాణాల షట్టర్లు దించి ఉంటాయి, వాటి ముందు ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాలు పరిచి ఉంటాయి. ఇంజనీరింగ్ గైడ్లూ, ఇంగ్లిష్ నవలలూ, ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ అమ్మేసిన ఆటల పుస్తకాలూ అన్నీ పక్కపక్కనే. ఆ గుట్టల్లో అమెరికన్ గోల్ఫ్ ఆటగాడు బెన్ హోగన్ ‘ఫైవ్ లెసన్స్’ కనబడితే మాత్రం వదలకండి.

ఈ పుస్తకం 1957 నాటిది. ముందు ‘స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్’ పత్రికలో ఐదు భాగాలుగా వచ్చి, అదే ఏడాది పుస్తకమైంది. దీని వెనకున్న మనిషి కథ కూడా చిన్నది కాదు. 1949 ఫిబ్రవరిలో హోగన్ కారును బస్సు ఎదురుగా వచ్చి గుద్దింది. మళ్ళీ నడుస్తాడో లేదో అనుకున్న మనిషి 1950లో యూఎస్ ఓపెన్ గెలిచాడు. 1953లో మాస్టర్స్, యూఎస్ ఓపెన్, బ్రిటిష్ ఓపెన్ మూడూ ఒకే ఏడాది గెలిచాడు. ఆయన అనుభవానికి మాట ఇచ్చింది హెర్బర్ట్ వారెన్ విండ్, రూపం ఇచ్చింది చిత్రకారుడు ఆంథొనీ రావియెల్లి. ముగ్గురు పనివాళ్ళు ఒక్క చేత్తో చేసినట్టుండే పుస్తకం ఇది.

గోల్ఫ్ స్వింగ్ మొదలై ముగియడానికి రెండు క్షణాలు కూడా పట్టవు. ఆడేవాడికి తన ఒళ్ళు తనకి కనపడదు. ఇక పుస్తకమేమో కదలదు. అలాంటప్పుడు ఒంటి కదలికని కాగితం మీద నేర్పడం ఎలా? ఫొటో పెడితే సరిపోతుందనిపిస్తుంది. కానీ ఫొటోలో చొక్కా ముడతలూ, నీడలూ, వెనకాల చెట్లూ అన్నీ పడతాయి, ఎక్కడ చూడాలో మాత్రం అది చెప్పదు. రావియెల్లి ఫొటోలని ఆధారంగానే పెట్టుకున్నాడు. ఐతే వాటిలోంచి పాఠానికి అక్కరలేని ప్రతిదాన్నీ తీసిపారేశాడు.

ఆయన పనితనం స్క్రాచ్‌బోర్డ్‌ది. తెల్లటి మట్టిపూత ఉన్న అట్ట మీద నల్ల సిరా పట్టించి, సన్నటి మొనతో గీకుతూ తెలుపుని బయటికి తీస్తారు. గీత గీతకీ తేడా స్పష్టంగా తెలిసే పద్ధతి. పైగా 1954లోనే మనిషి శరీరం గురించి బొమ్మల పుస్తకం వేసినవాడాయన. చర్మం కింద కండ ఎటు లాగుతుందో, కీలు ఎక్కడ వంగుతుందో ఆయనకి తెలుసు. ఎడమచేతి పట్టు బొమ్మ దగ్గర ఆగి చూడండి. క్లబ్బు పిడి అరచేతి అడుగున మణికట్టు దగ్గరి మెత్తటి కండ కింద నుంచి బయల్దేరి, ఏటవాలుగా చూపుడువేలి కణుపు మీదుగా వెళ్తుంది. అది చూశాక మన చేతిలో పిడి తప్పుగా కూర్చుంటే మనకే తెలిసిపోతుంది. ఇంకో బొమ్మలో రెండు ముంజేతుల్నీ పట్టీలతో కలిపి కట్టేసి ఉంటారు. మోచేతులు విడిపోకూడదన్న సంగతి అక్కడ ఇక చెప్పక్కర్లేదు.

అన్నిటికీ మించింది గాజు పలక బొమ్మ. బంతి దగ్గర నుంచి ఆటగాడి భుజాల మీదికి ఒక పెద్ద గాజు పలక వాలుగా ఆనించి ఉంటుంది. మధ్యలో కన్నం, అందులోంచి తల పైకి. క్లబ్బుని వెనక్కి తీసుకెళ్ళేటప్పుడు చేతులు ఆ గాజు కిందే ఉండాలి, ఎత్తు మీరితే గాజు భళ్ళుమంటుంది. అలా పగిలిన గాజునీ బొమ్మ వేసి చూపించారు. స్వింగ్ సాగే తలం అనేది నిజానికి ఎక్కడా లేదు, జ్యామితిలోని ఊహ. ఆ ఊహకి అంచులిచ్చి, బరువిచ్చి, పగిలే గుణం ఇచ్చారు. ఒక్కసారి చూసినవాడికి మైదానంలో నిలబడ్డప్పుడు ఆ గాజు భుజాల మీద తగులుతూనే ఉంటుంది. బోధన కోసం వేసిన బొమ్మల్లో ఇంతకన్నా గొప్పది నేను చూడలేదు.

విండ్ రచన కూడా ఆ బొమ్మలకి తగ్గట్టే ఉంటుంది. పట్టు, నిలుచునే తీరు, స్వింగ్ మొదటి సగం, రెండో సగం, చివర అన్నిటినీ కలిపి చూడడం. అంతే, ఐదు మెట్లు. పట్టు ఒక్కదానికే వారం రోజులు, రోజుకో అరగంట కేటాయించమంటాడు హోగన్. దానికి పచ్చిక అక్కర్లేదు, ఇంట్లో సోఫా పక్కన కాస్త జాగా చాలు. మంచు కురిసే ఊళ్ళలో ఉండేవాళ్ళకి చలికాలపు పని దొరికినట్టే.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. హోగన్‌ని కుర్రతనం నుంచీ వేధించింది హుక్, అంటే బంతి ఎడమకి మెలి తిరిగి పోవడం. ఆయన పట్టూ, మణికట్టు తీరూ ఆ జబ్బుకి విరుగుడుగా పుట్టినవి. మామూలు ఆటగాళ్ళలో ఎక్కువమందిది స్లైస్, బంతి కుడికి పోవడం. వాళ్ళు ఆ పట్టుని ఉన్నదున్నట్టు తీసుకుంటే బంతి ఇంకా కుడికే పోవచ్చు. ఇక్కడ మన సాహిత్ తీగల గుర్తొస్తాడు. తెలుగు తల్లిదండ్రులకి కాలిఫోర్నియాలో పుట్టిన ఈ కుర్రాడు 2020లో కాలేజీ ఆటగాళ్ళకిచ్చే బెన్ హోగన్ అవార్డు అందుకున్నాడు, 2023లో నాపాలో తొలి పీజీఏ టూర్ టైటిల్ గెలిచాడు. వెన్నెముకలో వంపు ఉండడంతో తన ఒంటికి తగ్గ స్వింగ్ తనే కుదుర్చుకున్నాడు. హోగన్ చేసిందీ అదే. ఆయన పుస్తకంలోంచి కొలతలతో పాటు ఆ వెతుకులాటనీ నేర్చుకోవాలి.

దీని తర్వాత గోల్ఫ్ శిక్షకుడు హార్వీ పెనిక్ ‘లిటిల్ రెడ్ బుక్’ చదవండి. దశాబ్దాల తరబడి నోటుబుక్కులో రాసుకున్న సంగతుల్ని 1992లో, ఎనభై ఏడేళ్ళ వయసులో, బడ్ ష్రేక్ సాయంతో పుస్తకం చేశాడాయన. అందులో గాజు పలక లేదు, నీళ్ళ బకెట్ ఉంది. బకెట్‌ని ఊపినట్టు ఊపమంటాడు, పాఠం అక్కడితో సరి. రాత్రి పడుకునే ముందు పి.జి. వుడ్‌హౌస్ ‘ది క్లికింగ్ ఆఫ్ కత్‌బర్ట్’. 1922 నాటి ఈ కథల్లో క్లబ్‌లోని పెద్దాయన ఎవరో ఒకర్ని కూర్చోబెట్టి కథ చెబుతాడు. గోల్ఫ్ రాకపోయినా కడుపుబ్బ నవ్వొచ్చు.

ఫుట్‌పాత్ మీద ‘ఫైవ్ లెసన్స్’ దొరికితే బేరానికి ముందు పట్టు బొమ్మల పేజీలు తిప్పి చూసుకోండి. చవక ముద్రణల్లో సన్నటి తెల్ల గీతలు సిరాలో మునిగి చెయ్యి నల్లగా అలుక్కుపోతుంది. వేలి కణుపుల మీది గీతలు విడివిడిగా కనబడితే, అట్ట చిరిగినా సరే, తీసుకోండి.

గోల్ఫ్ జోలికి వెళ్ళనివాళ్ళు కూడా ఈ పుస్తకం చూడాలని నా కోరిక. ముఖ్యంగా మన చిత్రకారులు చూడాలి. కూచిపూడి అడుగులకీ, కర్రసాముకీ, కబడ్డీ పట్టులకీ ఇంత శ్రద్ధగా, కండ కండా తెలిసిన చేత్తో బొమ్మలు వేసి తెలుగులో పుస్తకం తేవాలి. మన దగ్గర గురువులున్నారు, రాయగలిగినవాళ్ళున్నారు, గీయగలిగినవాళ్ళున్నారు. ఆ ముగ్గురూ ఒక బల్ల దగ్గర కూర్చోవడమే మిగిలింది.