వీరాస్వామయ్యతో రోమ్‌కి

సంక్రాంతికి తిరువూరు వచ్చినప్పుడు, అమ్మను మూడ్రోజులు రోమ్ తీసుకెళ్దామని ఎక్సెల్ షీట్ తెరిచాను. షెంగెన్ వీసాకి ఏ రోజు ఎక్కడుంటామో ముందే రాసివ్వాలి. వెళ్ళకముందే రాసే యాత్రాకథనం అన్నమాట. కొలోసియం, వాటికన్, స్పానిష్ మెట్లు అని చదివి వినిపించాను. మోకాళ్ళ నొప్పుల మనిషి, ఒక్కటే అడిగింది: "మధ్యలో కూచోడానికి అరుగులేమన్నా ఉంటాయంట్రా?"

ఇంట్లో ఉన్న యూరప్ యాత్రాకథనాలు తిరగేశాను. కట్టడం ఎప్పటిది, ఎంత ఎత్తు, రచయిత ఎలా పులకించిపోయారు, అన్నీ ఉన్నాయి. అరుగు సంగతి మాత్రం ఎక్కడా లేదు.

చివరికి ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర' తీశాను. 1830 మేలో చెన్నపట్నంలో బయల్దేరి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చిన ప్రయాణం అది. కాలేజీ రోజుల్లో యాభై పేజీలు దాటలేకపోయాను. ఏ ఊళ్ళో అంగళ్ళున్నాయి, నీళ్ళెలాంటివి, దిగడానికి చోటుందా, దారి ఇసకా రాళ్ళా... ఇదేం సాహిత్యం అనిపించేది. ఈసారి ఆ జాబితాలే ఆపకుండా చదివించాయి. మేం ఆఫీసులో తర్వాత వచ్చేవాడి కోసం రాసిపెట్టే రీడ్‌మీ ఫైలు గుర్తొచ్చింది. (మావాళ్ళు ఇంత శ్రద్ధగా రాయరు, అది వేరే సంగతి.) వీరాస్వామయ్య ఊహించుకున్న పాఠకుడు వెనకాలే నడిచొస్తున్నవాడు. ఇప్పటి యాత్రాకథనాలు ఎప్పటికీ వెళ్ళలేనివాడిని ఎదురుగా కూచోబెట్టుకుని చెబుతాయి. పులకింతలు ఎక్కువవడానికి కారణం అదేననుకుంటాను.

అలాగని ఆయన కష్టజీవేం కాదు. సుప్రీంకోర్టు ఉద్యోగి, పెద్ద పరివారం, సవారీ. సవారీలో కూచున్న మనిషికి నేల గురించి ఇంత పట్టింపెందుకు? మోసే బోయీల కాళ్ళు ఆ నేలమీదే ఉన్నాయి కాబట్టి, అని నేను చదువుకున్నాను. ఆ పుస్తకంలో నాకు బాగా నచ్చింది ఇదే. ఇంకొకరి కాళ్ళతో దారిని చూడటం.

అమ్మ కాళ్ళతో చూస్తే నా షీట్ మారిపోయింది. పాత రోమ్ వీధులు చాలావరకు నల్లరాళ్ళు పరిచినవి, ఎగుడుదిగుళ్ళు. నీళ్ళకి దిగుల్లేదు, వీధి వీధికీ 'నాసోని' అనే ఇనప కుళాయిలు కారుతూనే ఉంటాయి. స్పానిష్ మెట్ల మీద మాత్రం 2019 నుంచి కూర్చుంటే జరిమానా.

అది చెబితే అమ్మ నవ్వింది. "మెట్లు కట్టి కూచోవద్దంటారేందిరా?"

మూడోరోజు గడి చెరిపేశాను. దానికి ఎదురుగా 'పార్కు, బెంచీలు' అని రాశాను.