పొద్దుతో మారే గుణం

చల్లని సముద్రతీరాల్లో ద్రాక్ష నిదానంగా పండుతుంది. అందుకే అక్కడి ఎర్ర వైన్‌లో పులుపు నిలిచి ఉంటుందని, అది ఆ గాలీ నేలా ఇచ్చిన గుణమని రసికులు గొప్పగా చెప్పుకుంటారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు కల్లు గురించి ఎవరైనా ఇలా మాట్లాడితే నవ్వులాటగా ఉంటుంది. కల్లంటే పేదవాడి మత్తు, అంతేనని మన లెక్క. ఆ లెక్క తప్పు. కల్లుకూ నేల గుణం ఉంది. దానికి తోడు వైన్‌లో అంతగా కనబడని పొద్దు గుణం, చేతి గుణం కూడా ఉన్నాయి.

ముందు నేల సంగతి. తీరం వెంబడి ఇసుక నేలల్లో తాడి, మెట్టల్లో గట్ల మీద ఈత, సీతంపేట, కురుపాం కొండల్లో జీలుగు. మూడూ ఒక కుటుంబానివే అయినా గీత మాత్రం వేరు. ఈతచెట్టుకు మొవ్వు కింద మాను చెక్కుతారు, చలికాలం దాని అదను. తాడికి గెలను కట్టి, నొక్కి, కొన్నాళ్లు మెత్తబరిచాక కొస కోస్తారు. దాని ఊపు చలి తగ్గాక మొదలై ఎండాకాలంలోకి సాగుతుంది. జీలుగు పైనుంచి కిందికి ఒక్కొక్క గుత్తే వేసుకుంటూ వచ్చి, చివరి గుత్తితో ఎండిపోతుంది. ఒక్క బతుకులో ఒక్క విడతే పూసి పోయే చెట్టు అది. ఆ కొండల్లోని సవర, జాతాపు గిరిజన పల్లెల్లో దాని విలువ వేరుగా ఉండడానికి ఈ కారణం ఒక్కటి చాలు.

అయితే చెట్టు ఇచ్చేది తీపి మాత్రమే. గెల నుంచి జారే నీటిలో నూటికి పది పన్నెండు పాళ్లు చక్కెర ఉంటుంది, మత్తు ఉండదు. గాలిలోని, కుండలోని ఈస్టు చేరగానే పులియడం మొదలవుతుంది. రాత్రి చల్లదనంలో ఊరిన కల్లు తెల్లవారికి తియ్యగా ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ ఘాటెక్కి, మద్యం నాలుగైదు శాతానికి చేరుతుంది. మర్నాటికి పులిసి వెనిగర్ దారి పడుతుంది. పాత ముంత తోడు వేసినట్టు పనిచేస్తుంది, కడిగిన ముంత పులుపును ఆలస్యం చేస్తుంది. లోపల సున్నం పూస్తే పులియడమే ఆగి మత్తులేని నీరా అవుతుంది, దాన్ని కాస్తే తాటిబెల్లం. అంటే ఎంత పలచగా కోయాలి, ఏ ముంత కట్టాలి, ఎప్పుడు దించాలి అన్న నిర్ణయాల్లోనే రుచి ఉంది. ఒకే చెట్టు పొద్దున పానీయం, సాయంత్రం మత్తు, పొయ్యి మీద బెల్లం ఇస్తుందంటే, ఆ తేడా గీసేవాడి తెలివిదే.

కల్లును పొగిడితే తాగుడును పొగిడినట్టు కాదా అన్నది న్యాయమైన ప్రశ్న. మద్యం ఇళ్లను కూల్చిన మాట నిజం, నాలుగైదు శాతమూ మద్యమే. కల్తీ మాటా నిజమే. చెట్లు ఇచ్చే కల్లు కన్నా అమ్మే కల్లు ఎక్కువైన చోట క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలిపారు. కానీ ఈ రెండో దోషం పుట్టింది కల్లు తన చెట్టుకూ పొద్దుకూ దూరమైనప్పుడే. ఏ చెట్టుదో, ఎవరు దించారో తెలిసిన కల్లులో కల్తీకి చోటు తక్కువ. మొదటి దోషానికి జవాబు కూడా ఆ వృత్తిలోనే సున్నం ముంత రూపంలో ఉంది. రంపచోడవరం దగ్గర పందిరిమామిడి ఉద్యాన పరిశోధనా కేంద్రం తాటి నీరా మీద పనిచేస్తున్నది ఈ దారిలోనే.

ఈ వృత్తిని చట్టం ఒక్క దెబ్బతో తీసేయగలదనుకున్నవారికి చరిత్రలో సమాధానం దొరికింది. మద్యనిషేధంతో గీత కార్మికుల కత్తి మూలపడ్డప్పుడు వారి పక్షాన నిలిచింది బారువలో పుట్టిన గౌతు లచ్చన్న. ఆ వివాదం మీద వచ్చిన అవిశ్వాస తీర్మానంలోనే 1954 నవంబరులో ఆంధ్ర రాష్ట్రంలోని ప్రకాశం ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయింది. గీతే వృత్తి అయిన యాత, శ్రీశయన కుటుంబాలకు అది కూటి ప్రశ్న. దానితోపాటు తరాలుగా చేతిలో పెరిగిన విద్య ప్రశ్న కూడా. సీసాలోని వైన్ తన వారసుల కోసం ఏళ్ల తరబడి కాచుకుంటుంది. కల్లుకు ఆ ఓపిక లేదు. రోజూ కోయకపోతే గెల కొస ఎండి ధార ఆగుతుంది. మోకు కట్టి ఎక్కే మనిషి ఒక్క తరం ఆగినా, ఆ రుచిని తిరిగి నేర్పగల పుస్తకం ఏదీ ఉండదు.