గ్యాస్ట్రోఎంటరాలజీని విరిచి చదివితే

తిరుపతి స్విమ్స్‌లో పొట్ట, పేగుల జబ్బులు చూసే విభాగానికి ఇంగ్లీషులో 16 అక్షరాల పేరు: గ్యాస్ట్రోఎంటరాలజీ. చిత్తూరు, పుంగనూరు వైపు తెలుగు మీడియంలో చదివి 1960లో మొదలైన ఎస్వీ మెడికల్ కాలేజీలో సీటు తెచ్చుకున్న పిల్లలకు మొదటి ఏడాదే ఇలాంటి మాటలు వందల కొద్దీ ఎదురవుతాయి. జి, ఏ, ఎస్ అంటూ బట్టీ పట్టడం వాళ్ల శక్తిని వృథా చేయడమే. విరిచి చదవడం వాళ్లకు ముందే వచ్చు.

నోటితో విరిస్తే ఏడు ముక్కలు: గ్యాస్, ట్రో, ఎన్, టర్, ఆల్, అ, జీ. తెలుగు రాతలో సకారం రెండో అక్షరంలోకి వెళ్లి ‘స్ట్రో’ అవుతుంది. అయినా చెవి మోసపోదు. ‘రక్తం’లో ‘ర’ హ్రస్వమే, కానీ గురువు; పలికేటప్పుడు ‘రక్’ దగ్గర ఆగుతాం కాబట్టి. పద్యానికి గణవిభజన చేసిన పిల్లకు ఈ ఆగడం కొత్త కాదు.

అర్థంతో విరిస్తే మూడే ముక్కలు. గ్రీకులో గ్యాస్టర్ అంటే పొట్ట, ఎంటెరాన్ అంటే పేగు, చివరి ‘లజీ’ శాస్త్రం. మొదట వినిపించే ‘గ్యాస్’కు కడుపులో గ్యాస్‌తో చుట్టరికమే లేదు, ఆ రెండో మాటను 17వ శతాబ్దంలో వాన్ హెల్మాంట్ అనే శాస్త్రవేత్త పుట్టించాడు.

ఈ రెండో రకం విరుపు తిరుపతికి బాగా పరిచయం. ఇక్కడి వేద విశ్వవిద్యాలయంలో విద్యార్థులు నేర్చే పదపాఠం అదే: సంధి విడదీసి ఒక్కో పదం చెబుతారు, సమాసమైతే దాని భాగాల మధ్య అవగ్రహం అనే చిన్న విరామం పాటిస్తారు. ఋగ్వేదానికి ఆ పాఠం కూర్చినవాడు శాకల్యుడని సంప్రదాయం.

రెండు విరుపులూ ఢీకొనేది ‘రాలజీ’ దగ్గర. ‘ఎంటెర్’, ‘లజీ’ల మధ్య ఉన్న ‘ఓ’ అతుకు మాత్రమే, సొంత అర్థం లేదు. కానీ మాట మొత్తంలో ఊనిక పడేది సరిగ్గా దాని మీదే. కార్డియాలజీ, న్యూరాలజీ, యూరాలజీ, ఏది తీసుకున్నా అంతే. ఇంగ్లీషు స్పెల్లింగు ఈ సంగతి చెప్పదు, తెలుగు రాత చెబుతుంది: ఈ మాటల్లో ఊనిక ఉన్నచోట దీర్ఘం పెడతాం. ప్రత్యయం మారి ఊనిక జరిగితే దీర్ఘమూ జరుగుతుంది. సైకాలజీలో ‘కా’ మీద ఉన్నది, సైకలాజికల్‌కి వచ్చేసరికి ‘లా’ మీదికి పోతుంది.