మాకు మరో జన్మ లేదు

ఆదుర్తి సుబ్బారావు 'మూగమనసులు' 1964లో వచ్చింది. మేం దాన్ని మొదటిసారి చూసింది చాలా ఏళ్ల తర్వాత, చిన్నప్పుడు, చిత్తూరులో, అమ్మీ, నానీమాల మధ్య కూచొని.

కథ తెలిసిందే. కొత్తగా పెళ్లయిన గోపీనాథ్, రాధ గోదావరి మీద పడవలో పోతుంటారు. సుడిగుండం దగ్గరికి రాగానే అతనికి ఏదో గుర్తొచ్చి కేకలేస్తాడు. పోయిన జన్మలో అతను పడవ నడిపే గోపి. ఆమె జమీందారు కూతురు. పెళ్లయి, వితంతువై తిరిగొచ్చింది. చివరికి ఇద్దరూ ఆ నీళ్లలోనే పోయారు.

ఇంటికొచ్చాక నానీమా కళ్లు తుడుచుకుంటూనే అంది: "అదంతా ఝూట్ బేటా. మనకు ఒకటే జిందగీ. పోయినోళ్లు లేచేది ఖయామత్ నాడే." మరి ఎందుకేడ్చావంటే జవాబు లేదు.

ఇప్పుడు మళ్లీ చూస్తే మాకు ఒకటి తట్టింది. పడవవాడు పడవవాడిగా ఉండగా వాళ్లు కలవలేదు. వితంతువు వితంతువుగా ఉండగా కలవలేదు. ఆ బతుకుల్ని నీళ్లలో వదిలేసి, ఈడూ జోడూ కుదిరిన మనుషులుగా పుట్టాకే పెళ్లి. లోకం మారలేదు. ప్రేమించినవాళ్లే మారాల్సి వచ్చింది.

తిరుపతి కొండ కింద బతికేవాళ్లకు ఇలాంటి కథే ఇంకొకటి తెలుసు. బీబీ నాంచారి కథ. ఢిల్లీ సుల్తాను బిడ్డ స్వామిని ప్రేమించిందంటారు. ఆమెను తమ ఆడబిడ్డగా తలచుకొని ఉగాదినాడు దేవుని కడప గుడికి వెళ్లే ముస్లింలున్నారు. ఆ చుట్టరికం మాకు ఇష్టమే. కానీ బీబీ చివరికి స్వామిలో ఐక్యమైపోతుంది. బీబీ బీబీగానే ఉండి కాపురం చేసినట్టు మేం విన్న కథల్లో లేదు.

1992 డిసెంబరు 6 తర్వాత మమ్మల్ని "మీరు యాడనుంచి వచ్చినారు?" అని అడిగినవాళ్లున్నారు. "మీ పూర్వీకులు మావాళ్లే కదా" అని ప్రేమగా దగ్గరికి తీసినవాళ్లూ ఉన్నారు. మొదటి మాట పొమ్మంటుంది. రెండో మాట పోయిన జన్మను గుర్తు తెచ్చుకొని ఈ జన్మను వదిలేయమంటుంది. రెండింటిలోనూ మేం మేంగా ఉండే చోటు ఏదీ?

అయినా ఆ సినిమాను మేం వదులుకోలేం. గోపీనాథ్‌కు గుర్తొచ్చింది కొంతే. పూర్తి కథ చెప్పేది ముసలిదైన గౌరమ్మ. గోపిని ప్రేమించి, అతను దక్కక, బతికుండి, పోయినవాళ్ల జ్ఞాపకాన్ని ఒంటరిగా మోసిన మనిషి. ఆమె మళ్లీ పుట్టలేదు. ఆమెకున్నది ఒకటే జిందగీ. నానీమా ఏడ్చింది ఆమె కోసమేనేమో! సావిత్రి రాధ కన్నా జమున గౌరి మాకు దగ్గర కావడం అందుకే.

జ్ఞాపకం ఉండాలంటే మరో జన్మ అక్కర్లేదు. చెప్పే మనిషి ఉంటే చాలు. ప్రేమైనా, చుట్టరికమైనా, ఈ ఊళ్లో చోటైనా మాకు ఈ పేర్లతోనే, ఈ జన్మలోనే దక్కాలి.