షెల్లు చెవిన పడ్డ బైరెడ్డిపల్లె

బైరెడ్డిపల్లె. నెమ్మదిగా పలికి చూడండి. ‘బై’ అని నోరు విచ్చుకుని, ‘డ్డి’ మీద నాలుక ఒక్క క్షణం నిలిచి, ‘పల్లె’లోకి మెత్తగా జారిపోతుంది పేరు. మన నోటికి 5 అక్షరాలు. ఆ పేరునే ఒక వేరియబుల్‌లో పెట్టి పొడవెంతని బాష్‌ను అడగండి, 13 అంటుంది. లొకేల్‌ను ‘సి’కి మార్చి మళ్ళీ అడగండి, 39! ఊరు అదే, పేరు అదే, కొలతలు మూడు. మూడూ నిజమే! తప్పు వెతకడానికి వచ్చినవాడికి ఇంత విందా!

హల్లులు 7, గుణింతపు గుర్తులు 4, ఒత్తుల వెనక దాగిన పొల్లులు 2, వెరసి 13. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి మూడేసి బైట్లు, అందుకే 39. ఆ బైట్లను ‘ఓడీ’ ఆదేశంతో అంకెలుగా పరిచి చూడాలి. మొదట 224, వెంటనే 176 గానీ 177 గానీ, మూడోది మాత్రం దాని ఇష్టం. మళ్ళీ 224. ఒకే తాళానికి కట్టుబడి స్వరం మార్చుకుంటూ పోయే పల్లవిలా ఎంత ముచ్చటైన నడక! 1992లో న్యూజెర్సీలో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ భోజనాల బల్ల దగ్గర గీసుకున్న పథకం ఇది. చిత్తూరు సరిహద్దు పల్లె వాళ్ళ తలపులో ఉండి ఉండదు. అయినా ఎంత కుదురుగా ఒదిగింది!

అసలు రసం ఇక్కడుంది. మండలాల జాబితా మీద ‘పల్లె’తో ముగిసే పంక్తులు కావాలని గ్రెప్‌ను అడిగితే మదనపల్లె, చౌడేపల్లె, గుడుపల్లె, వాటితో బైరెడ్డిపల్లె వచ్చి నిలుస్తాయి. పుంగనూరు, కుప్పం మర్యాదగా తప్పుకుంటాయి. ఇప్పుడు ‘బైరెడ్డిపల్లె’ అని పూర్తి పేరుతో అడగండి. మౌనం! కళ్ళెదుటే ఉంది, రాదు. పంక్తి చివర విండోస్ వదిలిన క్యారేజ్ రిటర్న్ అనుకుందామా? అదే అయితే ‘పల్లె’కీ పలికేది కాదు. అంటే చిక్కు తోకలో లేదు, తలలో ఉంది. జాబితాలోని ఆ పేరు పొడవు అడగండి, 14!

ఆ ఒక్క అంకె చాలు, ఒళ్ళు పులకరిస్తుంది. ఐత్వానికి యూనికోడ్‌లో రెండు పుట్టుకలు. ఒకే గుర్తుగా రావచ్చు, ఎత్వమూ దాని కింద వేలాడే ఐ-గుర్తూ జంటగానూ రావచ్చు. తెర మీద రెండింటిదీ ఒకటే ముఖం. మన కన్ను మోసపోతుంది, చదవడం రాని గ్రెప్ మోసపోదు. ఎంత కఠినమైన రసికత!

‘యూకాన్వ్’ ఆదేశంతో ఆ జంటను ఒక్క గుర్తుగా కలిపి, జాబితాను ఎన్‌ఎఫ్‌సి రూపంలోకి తెచ్చి అదే ప్రశ్న మళ్ళీ వేస్తే బైరెడ్డిపల్లె పలుకుతుంది. మీ జాబితాలో మైదుకూరు, కైకలూరు ఉంటే వాటినీ ఒకసారి కొలిచి చూడండి.