పెరటి కెమెరా ముందు అడవి కెమెరా దిగదుడుపే

పులిని ఫొటో తీసినవాడికి శాలువా కప్పుతాం. పెరట్లో నూరువరహాల గుత్తి మీద తేనె తాగే సీతాకోకచిలుకను తీసినవాడికి ‘బాగుందండీ’ అని ఓ మాట పడేసి పోతాం. పెరటిచెట్టు మందుకు పనికిరాదన్న సామెత కెమెరాకూ తప్పలేదు. నా ఓటు మాత్రం పెరటికే. అడవిలో గైడు పులిని వెతికిపెడతాడు, జీపు దాని దగ్గరికి తీసుకెళ్తుంది. పెరట్లో పువ్వునీ పురుగునీ ఎండనీ ఎవరికి వారే చదువుకోవాలి.

మా పామిడిముక్కల వైపు ఆ చదువుకు కొదవ లేదు. వరి కోతలయ్యాక మినుము పూతకొస్తే పీ బ్లూ అనే చిట్టి నీలిరెక్కలవి చేల మీద నుంచి ఇళ్లలోకి వచ్చేస్తాయి. కరివేపాకు, నిమ్మ ఉన్న ఇంట కామన్ మార్మన్, లైమ్ అనే సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి. గన్నేరుంటే కామన్ క్రో, గట్టున జిల్లేడుంటే ప్లెయిన్ టైగర్, మామిడి కొమ్మకు బదనిక పడితే పసుపూ ఎరుపూ కలిసిన జెజెబెల్. వానలు తెరిపిచ్చిన కార్తీకపు పొద్దులు వీటికి పండగ రోజులు.

ఇక పనితనం. సీతాకోకచిలుక ఒంటికి వేడి ఎండ నుంచే రావాలి. పొద్దున్నే రెక్కలు పరిచి ఎండ కాచుకుంటుంది, ఒళ్లు కాగాక పూల మీద పడుతుంది. ఎండ ముదరకముందే పని కానివ్వాలి. మన నీడ పడిందా, లేచిపోతుంది. మీద మీదకు వంగకుండా, దూరాన కూర్చుని మోకాళ్ల మీద జరగాలి. అన్నీ ఒక తీరున తాగవు. మార్మన్, లైమ్ లాంటి పెద్దవి తాగుతున్నంతసేపూ రెక్కలాడిస్తూనే ఉంటాయి. వాటికి సెకనులో వెయ్యో వంతు, వెలుగుంటే రెండువేలో వంతు షట్టర్ వేగం కావాలి. పీ బ్లూ రెక్కలు మూసుకుని తాగుతుంది. కెమెరాను ఆ రెక్కకు సమాంతరంగా నిలిపి ఎఫ్ 8 పెడితే అంచు నుంచి తోక దాకా గీత గీతా తేలుతుంది. 90 నుంచి 105 మిల్లీమీటర్ల మాక్రో లెన్సు చాలు. గురి కంటి మీదే ఉండాలి. కానీ గడియారం స్ప్రింగులా చుట్టుకునే ఆ తొండం విప్పుకొని పూగొట్టంలోకి దిగిన చోటు కూడా స్పష్టంగా రావాలి. అది రాకపోతే వాలిన బొమ్మే గాని తాగిన బొమ్మ కాదు.

నేర్పరి పురుగు వెంట పరుగెత్తడు, పువ్వు దగ్గర కాచుకుంటాడు. తలంబ్రాల చెట్టు గుత్తిలో కొత్తగా విచ్చినవి పసుపు, ముదిరినవి నారింజ, ఎరుపు. తేనె కోసం సీతాకోకచిలుకలు ఎక్కువగా వెళ్లేది పసుపు వాటికే. తెలిసినవాడు ముందే ఆ పసుపు మీద ఫోకస్ పెట్టుకు కూర్చుంటాడు. ఇంకో మెలిక ఉంది. మార్మన్ ఆడవాటిలో ఒక రకం, పక్షులకు రుచించని కామన్ రోజ్ వేషం వేస్తుంది. ఒళ్లు ఎర్రగా ఉంటే రోజ్, నల్లగా ఉంటే మార్మన్. పక్క నుంచి ఒళ్లు కనబడేలా తీసిన బొమ్మకే నా మార్కులు.

మహానుభావుల సంగతి చెప్పకుండా ఎలా? ఇంగ్లండు వాడైన స్టీఫెన్ డాల్టన్ సెకనులో పాతికవేలో వంతు మెరిసే ఫ్లాష్‌తో ఎగిరే పురుగును గాలిలోనే నిలిపాడు. ఆ బొమ్మలతో 1975లో పుస్తకం వేశాడు. 1977లో నాసా వాయేజర్ నౌకల్లో పంపిన బంగారు పూత రికార్డులో, పూల దగ్గర ఎగిరే పురుగు బొమ్మ ఆయన తీసిందే. నక్షత్రాల దారి పట్టింది పులి కాదు, పురుగు! స్మిత్సోనియన్ మ్యూజియంలో పనిచేసిన షెల్ శాండ్‌వెడ్ ఇంగ్లీషు అక్షరాలు 26నూ రెక్కల మీదే వెతికి పట్టాడు. మన గుండ్రటి అక్షరాలకు ఎవరైనా పూనుకుంటే నేను మొదటి శిష్యుణ్ణి.

కడుపు మండేది నకిలీ సరుకును చూస్తే. సీతాకోకచిలుకను డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెడతారు. చలికి కదల్లేని దాన్ని పువ్వు మీద కూర్చోబెట్టి, సీసాతో నీళ్లు చల్లి మంచుబిందువులంటారు. చచ్చినదాన్ని జిగురుతో అతికించే ఘనులూ ఉన్నారు. కన్నున్నవాడి దగ్గర ఇవి దాగవు: కాళ్లు రేకును పట్టుకుని ఉండవు, తొండం చుట్టుకునే ఉంటుంది. ఇప్పుడు ఆ కష్టం కూడా లేదు. ఏ దేశంలోనూ ఎగరని రెక్కలను కంప్యూటర్‌తో అల్లించి, శుభోదయం రాసి వాట్సాప్‌లో తిప్పుతున్నారు. ఓపికను అవమానించడం కాక మరేమిటిది?

అంతకన్నా పెద్ద నష్టం, పెరడే పోతోంది. వాకిలంతా సిమెంటు, మిగిలిన నాలుగు కుండీల్లో రేకులే గాని తేనె అందని ముద్దపూలు. కరివేపాకు మీద పురుగు కనబడితే సాయంత్రానికల్లా మందు కొట్టేస్తాం. ఆ పురుగే రేపటి మార్మన్ అని ఎవరు చెప్పాలి?

పోటీలు పెట్టే పెద్దలారా, బొమ్మతోపాటు దాని ముందూ వెనకా తీసిన ఫ్రేములూ అడగండి. ఇల్లాళ్లారా, కరివేపాకులో రెండు రెమ్మలు పురుగుకు వదలండి. కొత్తగా కెమెరా కొన్న తమ్ముళ్లారా, సఫారీకి దాచిన డబ్బులో కొంత తీసి ముందొక నిమ్మమొక్క, రెండు నూరువరహాల మొక్కలు నాటండి. పురుగు తిన్న ఆకును చూసి విసుక్కోనివాడికే ఈ విద్య అబ్బుతుంది.